జవాబు, జవాబుదారీ

"మీ కంప్యూటర్ మంచిగనే జెప్పింది తమ్మీ. నేనే ఇనలే."

ఒక జూన్ నెలాఖర్లో ఎరువులు, విత్తనాల షాపు నడిపే ఒకాయన ఫోన్ చేసి అన్న మాట ఇది. తిట్టడానికి చేసిన ఫోన్ కాదు. సాయం అడగడానికి చేశాడు. అడిగేముందు తప్పు తనదేనని ఒప్పుకున్నాడు. అసలు విషయం ఏంటంటే తప్పు ఆయనది కాదు, నాది. ఇంకా ఇబ్బందికరమైన సంగతేంటంటే, ఆయన చెప్పినట్టే మా 'కంప్యూటర్' నిజంగానే తప్పు చెప్పలేదు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమయ్యాయన్నది నన్ను చాలా రోజులు వదల్లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. హైదరాబాద్ నుంచి వరంగల్ వచ్చే దారిలో, కాజీపేట ఇంకా రాకముందే మడికొండ తగుల్తుంది. మెట్టుగుట్ట, గుట్ట మీద రామలింగేశ్వరుడు, కింద ఇళ్ళు. ఇప్పుడైతే ఐటీ పార్కు కూడా. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ ఇక్కడ ఆఫీసులు తెరిచినప్పుడు, హైదరాబాద్‌లో పీజీ హాస్టళ్ళలో ఉంటున్న మాలాంటి వాళ్ళకి 'ఇంటి దగ్గర నుంచి కూడా ఈ పని చేయొచ్చు కదా' అన్న ఆలోచన మొదటిసారి కొంచెం నిజమనిపించింది. తర్వాత ఏడాదిన్నరకి ముగ్గురం ఉద్యోగాలు మానేసి వచ్చాం. మా ఆఫీసు పార్కులో లేదు, ఊళ్ళో ఒక ఇంటి పై అంతస్తులో ఉంది. చేసేది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అమ్మే షాపుల కోసం.

చిన్న సరుకే కానీ లోపల చిక్కులు ఎక్కువ. విత్తనాలకు పన్ను లేదు, ఎరువులకు 5 శాతం, చాలా పురుగుమందులకు 18 శాతం. ఒకే రైతు ఒకే బిల్లులో మూడూ కొంటాడు. సగం డబ్బిచ్చి సగం ఉద్దెర పెడతాడు. పంట చేతికొచ్చాక తీరుస్తాడు. వాడకుండా మిగిలిన సంచి వాపసు తెస్తాడు. దానికి క్రెడిట్ నోట్ రాయాలి. నెల తిరిగాక 11వ తారీఖు లోపల అమ్మకాల లెక్క జీఎస్టీ సైట్‌లో పడాలి. కాబట్టి 9, 10, 11 తేదీల్లో మా ఫోన్లు ఆగేవి కావు.

ఆ ఫోన్లు ఎత్తేది మా ముగ్గుర్లో ఒకడు. పేరెందుకు గానీ, మాలో నిదానస్తుడు వాడే. మూడేళ్ళు ఎత్తాడు. రాత్రి పదకొండింటికి వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చినా వినేవాడు. పెళ్ళిలో భోజనం మధ్యలో లేచి మాట్లాడేవాడు. తప్పు ప్రింటర్‌ది అయినా, కరెంటుది అయినా, ప్రభుత్వం సైట్‌ది అయినా తిట్లు మాత్రం వాడికే. ఒకరోజు ఫోన్ టేబుల్ మీద బోర్లా పెట్టేసి, "నాకు రింగ్‌టోన్ వినపడితే కడుపులో తిప్పుతోందిరా" అన్నాడు. అప్పుడు పెట్టాం ఏఐ అసిస్టెంట్‌ని.

*

ఇలాంటి వ్యాసాల్లో మామూలుగా యంత్రం విలన్, మనిషి బాధితుడు అవుతారు. అంత తేలిగ్గా తేల్చే విషయం కాదిది. అందుకే యంత్రం తరఫున చెప్పాల్సింది ముందు చెప్తాను.

ఆర్లీ హాక్‌షీల్డ్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 1983లో 'ద మేనేజ్డ్ హార్ట్' అని ఒక పుస్తకం రాసింది. విమానాల్లో ప్రయాణికులకు నవ్వుతూ కాఫీ ఇచ్చే అమ్మాయిల గురించీ, బాకీలు వసూలు చేసేవాళ్ళ గురించీ. ఒకరి ఉద్యోగం నవ్వడం, ఇంకొకరి ఉద్యోగం కసురుకోవడం. ఇద్దరూ అమ్ముతున్నది తమ భావాలనే. ఒంటితో చేసే చాకిరీ లాగా మనసుతో చేసే చాకిరీ కూడా ఉంటుందనీ, దానికీ అలుపు ఉంటుందనీ ఆమె వాదన. మావాడి కడుపులో తిప్పడం ఆ అలుపే. ఒక మనిషిని అందులోంచి బయటికి తీయగలిగితే తీయకూడదా? 'మనిషి స్పర్శ పోతుంది' అని బాధపడేవాళ్ళలో ఆ సీట్లో ఒక్క వారమైనా కూర్చున్నవాళ్ళు ఎంతమంది?

రెండోది, షాపువాళ్ళ వైపు నుంచి. రాత్రి పదకొండుకి లెక్క తెగక కూర్చున్న మనిషికి తెల్లారి పదింటికి వచ్చే మంచి మాట కన్నా అప్పుడే వచ్చే సరైన జవాబు మేలు. మా అసిస్టెంట్ ఎలా పనిచేస్తుందంటే, మేం రాసి పెట్టుకున్న సహాయం పేజీల్లోంచి ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కలు వెతికి, వాటిని భాషా నమూనాకి ఇస్తుంది. అది వాటిని ఒక జవాబుగా కూర్చి చెప్తుంది. మొదటి నెలలోనే వచ్చిన ప్రశ్నల్లో ముప్పావు వంతు దాకా అదే చూసుకుంది. మావాడు నిద్రపోయాడు. కోడ్ రాయడం మళ్ళీ మొదలుపెట్టాడు. మనిషి తేటపడ్డాడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు.

మేమేం మొదటివాళ్ళం కాదు. 2023 జూలైలో బెంగళూరు కంపెనీ దుకాణ్ అధిపతి, తమ సపోర్ట్ సిబ్బందిలో 90 శాతం మందిని తీసేసి చాట్‌బాట్ పెట్టామని ట్విట్టర్‌లో ప్రకటించాడు. సమస్య తీరడానికి 2 గంటల 13 నిమిషాలు పట్టేది కాస్తా 3 నిమిషాల 12 సెకండ్లకు వచ్చిందని అంకెలు కూడా ఇచ్చాడు. జనం తిట్టిపోశారు. ఆ తిట్లన్నీ తీసేసిన మనుషుల గురించీ, ఆయన దాన్ని గొప్పగా చెప్పుకున్న తీరు గురించీ. నాకు మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది: ఆ 3 నిమిషాల 12 సెకండ్లలో 'తీరింది' అన్న మాటకి అర్థం ఏంటి? తీరిందని ఎవరన్నారు?

*

బాట్‌ల మీద అందరికీ తెలిసిన ఫిర్యాదు, అవి లేనివి కల్పించి చెప్తాయని. అది నిజమే.

కెనడాలో జేక్ మొఫాట్ అనే ఆయన, నాయనమ్మ చనిపోతే ఊరెళ్ళడానికి ఎయిర్ కెనడా సైట్‌లో చాట్‌బాట్‌ని అడిగాడు. ముందు మామూలు టికెట్ కొనుక్కుని, 90 రోజుల్లోపల అర్జీ పెట్టుకుంటే చావు ప్రయాణాలకిచ్చే తగ్గింపు వస్తుందని అది చెప్పింది. కంపెనీ నిబంధన అది కాదు. డబ్బులు వాపసు ఇవ్వమన్నారు. కేసు బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్‌కి వెళ్తే, చాట్‌బాట్ తనంతట తాను ఒక వేరే చట్టపరమైన వ్యక్తి లాంటిదనీ, అది చెప్పినదానికి తమ బాధ్యత లేదనీ కంపెనీ వాదించినంత పని చేసింది. 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఆ వాదన కొట్టేసింది. మీ సైట్‌లో ఉన్నదానికి మీదే బాధ్యత, అది మామూలు పేజీలో ఉన్నా, చాట్‌బాట్ నోట్లో ఉన్నా ఒకటే అంది. మొత్తం 812 కెనడియన్ డాలర్ల చిల్లర ఇవ్వమంది.

మా లోకానికి ఇంకా దగ్గరి కథ కర్సర్‌ది. ప్రోగ్రామర్లు వాడే ఎడిటర్ అది. 2025 ఏప్రిల్‌లో ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి మారితే లాగవుట్ అయిపోతోందని వాడేవాళ్ళు రాశారు. 'సామ్' అనే పేరుతో జవాబు వచ్చింది: ఒక సబ్‌స్క్రిప్షన్ ఒక్క మెషీన్‌కే, అది మా కొత్త నియమం అని. అలాంటి నియమం లేనే లేదు. సామ్ మనిషి కాదు. జనం కోపంతో సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. తర్వాత కంపెనీ స్థాపకుల్లో ఒకరు క్షమాపణ చెప్పారు.

సామ్ అన్న పేరు దగ్గర నేను కొంచెంసేపు ఆగాను. మా అన్నయ్య తరం వాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు. 2000 తర్వాత కాల్‌సెంటర్లు వచ్చిన కొత్తల్లో డిగ్రీ చదివిన కుర్రాళ్ళు రాత్రి క్యాబ్ ఎక్కి వెళ్ళి, హెడ్‌సెట్ పెట్టుకోగానే శ్యామ్‌లు సామ్‌లయ్యేవాళ్ళు. గొంతు మార్చి, ఊరు దాచి, అక్కడి వాతావరణం గురించి నాలుగు మాటలు బట్టీపట్టి, తెరమీద రాసి ఉన్న స్క్రిప్ట్ చదివేవాళ్ళు. 'మీ ఇబ్బంది నాకు అర్థమైంది' అన్న వాక్యాన్ని ఏ యంత్రమూ కనిపెట్టలేదు. దాన్ని ముందు మనుషుల చేత యంత్రాల్లాగా పలికించారు. తర్వాత యంత్రాలు వచ్చి మనుషుల్లాగా పలుకుతున్నాయి. అందుకే 'మనిషి అయితే నిజాయితీ, బాట్ అయితే మోసం' అన్న గీత నాకు నిలబడదు. స్క్రిప్ట్ చదివే సామ్‌కి కూడా పక్క గదిలోకి వెళ్ళి "ఈ నియమం తప్పు, మార్చండి" అని చెప్పే అధికారం లేదు. అసలు లోపం అక్కడ ఉందేమో. అది మనిషా యంత్రమా అన్నది కాదు, విన్నవాడికి మార్చే వీలుందా లేదా అన్నది.

మా కథ నాకు ఈ సంగతే నేర్పింది. ఎందుకంటే మా బాట్ అబద్ధం చెప్పలేదు.

*

ఆ షాపాయన అడిగింది చాలా చిన్న విషయం. బిల్లు మీద లాట్ నంబర్ రావట్లేదని.

విత్తనాల షాపులో లాట్ నంబర్ అంటే ఏంటో తెలియని వాళ్ళకి: ప్రతి ప్యాకెట్ మీద అది ఏ మూట నుంచి, ఏ పరీక్ష నుంచి వచ్చిందో చెప్పే నంబర్ ఉంటుంది. పత్తి గింజ పెట్టాక వారం పది రోజుల్లో మొలక రావాలి. రాకపోతే రైతు చేతిలో ఉండే ఆధారాలు రెండే: ఖాళీ ప్యాకెట్, బిల్లు. ప్యాకెట్ మీద నంబర్, బిల్లు మీద నంబర్ ఒకటైతేనే 'ఈ గింజ ఈ షాపులో ఈ రోజు కొన్నాను' అన్నది నిలబడుతుంది. బిల్లు తప్పకుండా అడిగి తీసుకోండి, దాచిపెట్టండి అని వ్యవసాయ అధికారులు ప్రతి ఏడాదీ మైకులో చెప్పేది ఇందుకే. 2012లో సుప్రీంకోర్టు నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వర్సెస్ మధుసూదన్ రెడ్డి కేసులో, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే, వినియోగదారుల ఫోరానికి వెళ్ళొచ్చు అని తేల్చింది. ఆ కేసులో రైతులు మన ఉమ్మడి రాష్ట్రం వాళ్ళే. అంత దూరం వెళ్ళి గెల్చుకున్న హక్కు చివరికి ఒక చిన్న కాయితం మీద ఆధారపడి ఉంటుంది. ఆ కాయితం ప్రింట్ చేసే కోడ్ నేను రాశాను.

ఆ ఏడాది మార్చిలో రెండంగుళాల చిన్న ప్రింటర్ల కోసం కొత్త బిల్లు నమూనా చేశాను. ఆ కాయితం మీద వరుసకి 32 అక్షరాలే పడతాయి. విత్తనాల పేర్లు పొడుగు. పేరు రెండో వరుసలోకి వెళ్తే, కాయితం ఆదా కోసం మూడో వరుస తీసేశాను. మూడో వరుసలో ఉండేది లాట్ నంబర్. ఆ సాయంత్రం నాకది తెలివైన పనిగానే తోచింది. సహాయం పేజీలో ఒక వాక్యం కూడా రాశాను: 'లాట్ నంబర్ కావలసినవారు ఏ4 నమూనాను ఎంచుకోగలరు.'

జూన్ వచ్చింది. విత్తనాల సీజన్. షాపులవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. చాలామంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తారు, మన మాట ఎలా ఉంటే అలా: 'లాట్ నంబర్ వస్తలేదు, ఏం జెయ్యాలె.' అసిస్టెంట్ అర్థం చేసుకుంది. మర్యాదగా, బడిపుస్తకం తెలుగులో చెప్పింది: 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. దయచేసి సెట్టింగ్స్‌లో ఏ4 నమూనాను ఎంచుకోగలరు.' నూటికి నూరుపాళ్ళు సరైన జవాబు. నేను రాసిన వాక్యమే అది.

కాకపోతే ఆ షాపుల్లో ఏ4 ప్రింటర్ లేదు. ఉంటే చిన్న ప్రింటర్ ఎందుకు కొంటారు?

వాళ్ళేమన్నారు? 'సరే' అన్నారు. చాలామంది ఇంకేం అనలేదు. తర్వాత నేను ఆ సంభాషణలన్నీ కూర్చుని చదివాను. నలభైకి పైగా ఉన్నాయి. దాదాపు అన్నీ 'సరే'తోనో, మౌనంతోనో ముగిశాయి. మా డ్యాష్‌బోర్డ్‌లో అన్నిటికీ ఆకుపచ్చ టిక్కు, 'పరిష్కారమైంది' అని. తెలుగులో సరే అన్న మాటకి ఎన్ని అర్థాలో మనకి తెలుసు. ఒప్పుకోలు సరే ఉంటుంది. విసుగు సరే ఉంటుంది. 'నీకు చెప్పి ఏం లాభంలే' అన్న సరే ఉంటుంది. ఆఫీసుల చుట్టూ తిరిగిన మనుషులు కౌంటర్ దగ్గర అనే సరే ఈ మూడోది. మా యంత్రం దాన్ని తృప్తి కింద రాసుకుంది. దాన్ననడం ఎందుకు, అలా రాసుకోమని చెప్పింది మేమే.

ఇప్పుడు మావాడు ఫోన్ ఎత్తే రోజులు గుర్తు తెచ్చుకోండి. మూడో ఫోన్‌కల్లా వాడు కుర్చీ తిప్పి, "ఒరేయ్, లాట్ నంబర్ ఏం చేశావురా నువ్వు? పొద్దున్నించి ఇదే" అని అరిచేవాడు. నేను సణుక్కుంటూ సాయంత్రానికి సరిచేసేవాణ్ణి. అది పెద్ద వ్యవస్థేం కాదు. ఒక మనిషికి విసుగు పుట్టడం, ఆ విసుగు పక్క మనిషి మీద పడడం, అంతే. కానీ ఆ విసుగు మా సాఫ్ట్‌వేర్‌ని బాగుచేసేది. బాట్‌కి విసుగు రాదు. నలభయ్యో మనిషికి కూడా మొదటి మనిషికి చెప్పినంత ఓపికగా చెప్తుంది. ఆ ఓపికే మా చెవులు మూసేసింది.

మనం ఓపికని సుగుణం అంటాం. ఎందుకంటే మనిషికి ఓపిక పట్టడం కష్టం. లోపల ఏదో అదిమిపెట్టుకుంటేనే అది ఓపిక. అదిమిపెట్టడానికి ఏమీ లేనిచోట దాన్ని ఓపిక అనాలో వద్దో నాకు తేలదు. అయితే ఒకటి మాత్రం తేలింది. ఎదుటివాడి ఇబ్బంది మనల్ని కొంచెమైనా ఇబ్బంది పెట్టకపోతే, అది తీరే అవకాశం తక్కువ.

*

ఆ ఫోన్ సంగతికి వస్తాను. ఒక రైతు మూడెకరాలకు ఆరు ప్యాకెట్ల పత్తి గింజ కొన్నాడు. మొలక సరిగా రాలేదు. అధికారి ప్యాకెట్, బిల్లు తెమ్మన్నాడు. ప్యాకెట్ మీద నంబర్ ఉంది. బిల్లు మీద లేదు. విత్తనం కంపెనీ మనిషి, ఈ ప్యాకెట్ ఈ బిల్లుదేనని ఏంటి నమ్మకం అన్నాడు. రైతు షాపాయన మీద అరిచాడు. షాపాయన మాకు ఫోన్ చేశాడు. చేసి, "మీ కంప్యూటర్ మంచిగనే జెప్పింది తమ్మీ, నేనే ఇనలే. జిరాక్స్ సెంటర్‌కి పొయ్యి పెద్ద కాయితం మీద తీస్తే అయిపోయేది" అన్నాడు.

లాట్ నంబర్ మా డేటాబేస్‌లో ఉంది. పది నిమిషాల్లో ఏ4 మీద తీసి పంపాను. దాని మీద 'డూప్లికేట్' అని పడుతుంది కాబట్టి, తర్వాత తయారు చేసిన బిల్లు అని మళ్ళీ పేచీ. షాపాయన స్టాక్ రిజిస్టర్ పట్టుకుని రెండుసార్లు వెళ్ళి సాక్ష్యం చెప్తే, చివరికి మారు ప్యాకెట్లు ఇచ్చారు. ఈలోపు పన్నెండు రోజులు పోయాయి. వానాకాలం పత్తికి జూన్‌లో పన్నెండు రోజులంటే ఏంటో మా నాన్నని అడిగితే చెప్పాడు. ఇక్కడ రాయను.

నన్ను కుదిపింది 'నేనే ఇనలే' అన్న మాట. ఆ నలభై మంది కూడా అలాగే అనుకుని ఉంటారు. జవాబు వచ్చింది కాబట్టి ఇక బాధ్యత అడిగినవాడిది. చెప్పాం కదా, చేసుకోలేకపోతే నీ ఖర్మ. తప్పుడు జవాబు వస్తే కనీసం తిరగబడొచ్చు, మొఫాట్ లాగా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. సరైన జవాబు మీద ఎక్కడికి వెళ్తాం? మర్యాదగా, తడుముకోకుండా, అర్ధరాత్రి కూడా అందే సరైన జవాబు తప్పుని మా టేబుల్ మీద నుంచి తీసి, ఆ షాపు గల్లాపెట్టె మీద పెట్టేసింది. నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా.

మన భాషలో ఈ రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. జవాబు, జవాబుదారీ. రెండూ ఉర్దూ దారిలో మనకి వచ్చినవే. జవాబు ఎవరైనా ఇవ్వొచ్చు. పుస్తకం ఇస్తుంది, బోర్డు ఇస్తుంది, బాట్ ఇస్తుంది. జవాబుదారీ మాత్రం ఒకరి మీద ఉండాలి. ఆ జవాబు పనిచేయకపోతే ఎవరి నిద్ర చెడుతుందో వాళ్ళ మీద. ఎయిర్ కెనడా కేసులో ట్రిబ్యునల్ చెప్పింది చట్టం భాషలో ఇదే. కానీ చట్టం తప్పుడు జవాబు దగ్గర ఆగుతుంది. సరైన జవాబుకి కూడా జవాబుదారీ ఉంటుందన్నది మనం చెప్పుకోవాల్సిన సంగతి.

*

మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే మడికొండ పాత ఇళ్ళు కొన్ని కనిపిస్తాయి. కాళోజీ పెరిగిన ఊరిది. పుట్టింది ఇప్పటి కర్ణాటకలోని రట్టిహళ్ళిలో, 1914లో. చిన్నప్పుడే కుటుంబం మడికొండ వచ్చింది. మేం చదువుకునేటప్పుడు ఆయన మాకు ఒక విగ్రహం, ఒక జయంతి, తర్వాత సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవం. నాలాంటి ఇంజినీరింగ్ వాళ్ళం ఆయన్ని చదివింది ఆలస్యంగా.

1953లో వచ్చిన ఆయన పుస్తకం పేరు 'నా గొడవ'. ఆ పేరు గురించి ఇప్పుడు కొత్తగా ఆలోచిస్తున్నాను. గొడవ అంటే ఫిర్యాదు, పేచీ, రొద, బాధ అన్నీ. ఆ పుస్తకంలో ఉన్న గొడవ చాలావరకు ఆయన సొంత ఇంటిది కాదు. ఆకలైనవాడిది, దెబ్బ తిన్నవాడిది, బల్ల ముందు నిలబడి సరే అని వెనక్కి వచ్చేసినవాడిది. దాన్ని ఆయన 'వాళ్ళ గొడవ' అనలేదు. మనం ఆఫీసుల్లో వాడే భాష దీనికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. 'మీ ఫిర్యాదు', 'మీకు కలిగిన అసౌకర్యం', 'మీ టికెట్ నంబర్'. ప్రతి వాక్యంలో మీ, మీ, మీ. అది గౌరవం లాగా వినిపిస్తుంది కానీ, గొడవని ఆ ఒడ్డునే ఉంచేసే ఏర్పాటు.

కవితో సపోర్ట్ టికెట్‌ని పోల్చడం అతి అనిపించొచ్చు. ఒప్పుకుంటాను. ప్రతి ఫోన్‌కీ గుండె తరుక్కుపోతే మావాడు బతకలేడు, అది చూసే కదా బాట్ పెట్టింది. నేను అడుగుతున్నది కన్నీళ్ళు కాదు. అవతలివాడి గొడవ ఏదో ఒక చోట, ఏదో ఒక రూపంలో నా గొడవగా మారే దారి ఉందా అని మాత్రమే. ఆ దారి ఉంటే ముందు కూర్చుంది యంత్రమైనా ఫర్వాలేదు. లేకపోతే ముందు కూర్చుంది మనిషైనా ఒకటే.

ఇంకో చిన్న సంగతి. ఆ సంభాషణలు చదువుతుంటే ఒక రాత్రి ఒకాయన రాసింది కనిపించింది. లెక్క అడిగాడు, బాట్ చెప్పింది. తర్వాత ఆయన, వానలు లేవు, బేరం లేదు, ఉద్దెర మొత్తం అట్లనే ఉంది అని రాశాడు. అది యంత్రమని ఆయనకి తెలుసు. మొదటి వరుసలోనే రాసి ఉంటుంది. 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎంఐటీలో ఎలైజా అనే మాట్లాడే ప్రోగ్రాం చేసినప్పుడు, అది తయారవుతుంటే దగ్గరుండి చూసిన సెక్రటరీయే దానితో మాట్లాడుతూ ఆయన్ని కాసేపు గది బయటికి వెళ్ళమందట. తెలిసి కూడా చెప్పుకుంటాం. మనుషులకి చెప్పుకోవాల్సింది అంత ఉంటుంది. మా బాట్ ఆయనకి రెండు ఓదార్పు వాక్యాలు రాసింది. చక్కగానే ఉన్నాయి. వాటిని చదివి నేను ఒక్కణ్ణే సిగ్గుపడ్డాను. ఎందుకో సరిగ్గా చెప్పలేను. బహుశా ఆ మాట నా షాపులోకి వచ్చి, నేను లేనని చూసి, గోడకి చెప్పుకుని వెళ్ళినట్టు అనిపించింది.

*

బాట్‌ని తీసేయలేదు. తీసేస్తే మావాడు మళ్ళీ ఆ సీట్లోకి వెళ్ళాలి. అది న్యాయం కాదు. 2024లో 700 మంది పని మా ఏఐ చేస్తోందని చెప్పుకున్న స్వీడన్ కంపెనీ క్లార్నా కూడా, మరుసటి ఏడాది నాణ్యత తగ్గిందని ఒప్పుకుని మళ్ళీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టింది. కానీ వాళ్ళకున్న డబ్బు మాకు లేదు. మేం చేసింది చిన్న చిన్న మార్పులు.

'సరే'ని పరిష్కారం కింద లెక్కేయడం మానేశాం. మరుసటి రోజు 'పని అయ్యిందా?' అని అడిగి, అవునంటేనే మూస్తాం. ఆకుపచ్చ టిక్కులు బాగా తగ్గాయి. చూడ్డానికి బాధగా ఉంటుంది. ఒకే ప్రశ్న ముగ్గురు అడిగితే అది ప్రశ్న కాదు, మా తప్పు అని రాసుకున్నాం. అది బాట్ దగ్గర ఆగకుండా, ఆ కోడ్ ఎవరు రాశారో వాళ్ళ ఫోన్‌కి వస్తుంది. మావాడి అరుపుకి బదులు అన్నమాట, అరుపంత బాగా పనిచేయదు. ఇక ప్రతి బుధవారం పొద్దున రెండు గంటలు ముగ్గురం వంతులవారీగా ఫోన్లు ఎత్తుతాం. రాసినవాడే వినాలి అన్నది నియమం. ఖర్చు లెక్కలో చూస్తే ఇది దండగ. ఆ రెండు గంటల్లో వచ్చే సగం ప్రశ్నలకి బాట్ నాకన్నా బాగా చెప్పగలదు.

లాట్ నంబర్ మొదటి వరుసలోకి మార్చాను. పేరు ఎంత పొడుగున్నా అది పోదు. అందుకు పట్టిన సమయం ఇరవై నిమిషాలు.

ఇది సరిపోతుందా అంటే నాకు నమ్మకం లేదు. రేపు షాపులు రెండు వందల నుంచి రెండు వేలయితే బుధవారం రెండు గంటలు ఏ మూలకి? అప్పుడు మళ్ళీ ఆకుపచ్చ టిక్కుల మీద ఆశ పుడుతుంది. పెద్ద కంపెనీలు చెడ్డవై ఇలా అవ్వలేదు, ఇలా కొంచెం కొంచెంగానే అయి ఉంటాయి. ఆ సంగతి గుర్తుండాలని కూడా ఇది రాస్తున్నాను.

పోయిన బుధవారం నా వంతు. ఫోన్ ఎత్తగానే అటునుంచి అదే షాపాయన.

"ఎవరు, నువ్వా? కంప్యూటరా?"

"నేనే అన్నా."

"నువ్వేనా? అయితే ఇను," అని మొదలుపెట్టాడు.